కరువుకీ కరువుకీ మధ్య ఎడం

(అనంతపురంలో ఒక గ్రంథాలయ హాల్లో, ఉద్యోగ విరమణ చేసిన ఒక పశువైద్యుడు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. వాటిలో పెద్దగా ఏమీ లేదు లెండి, నాలుగు అంకెలు మర్చిపోకుండా రాసుకొచ్చాను.

ముందు ఒక రాత్రి గురించి చెప్తాను. 2017వ సంవత్సరం. తూర్పు ఆఫ్రికాలో, సోమాలిలాండ్‌లో బురావో అని ఒక ఊరు, పశువుల సంతకి పేరుమోసిన ఊరు. అక్కడికి జీపులో రెండు గంటల దూరంలో ఒక మంద దగ్గర ఆగాం. అప్పట్లో నా పని మేకలకీ గొర్రెలకీ టీకాలు వేయించడం. పారుడు రోగం టీకా. ముందు వరసలో కూర్చున్న ఈ పెద్దాయనకి పారుడు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు, ఆయనే నాకు చెప్పగలరు. ఆ మందలో నూటపది మేకలున్నాయి. వరసగా వానలు తప్పిపోయి మేకలు ఎలా అయిపోయాయంటే, ఒకదాన్ని టీకా కోసం ఎత్తితే చేతికి ఎముకలు తగిలాయి తప్ప బరువు తెలీలేదు. ఇంత నీరసంగా ఉన్నవాటికి టీకా వద్దు, వాన పడ్డాక వస్తాం అని చెప్పి, చీకటి పడిందని అక్కడే పడుకున్నాం.

ఆ రాత్రే వాన వచ్చింది. పిల్లలు కేకలు పెడుతూ బయటికి పరిగెత్తారు. ఆ ఇంటి ముసలావిడ ఉన్న గిన్నెలన్నీ తెచ్చి ఆరుబయట పెట్టింది. మా డ్రైవరు జీపు దిగి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నేనూ తడిశాను, ఎందుకు తడవను? అనంతపురం వాణ్ణి, వానొస్తే ఇంట్లో కూర్చునే అలవాటు లేదు.

తెల్లారి చూస్తే ముళ్ళదొడ్డిలో మేకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నూటపదిలో అరవై మూడు పోయాయి. రోగం లేదు, పాము లేదు, తోడేలు లేదు. వానకి చచ్చాయి. ఒంట్లో కొవ్వు బొత్తిగా లేని మేక రాత్రంతా చలివానలో తడిస్తే దాని ఒంటి వేడి నిలవదు. బతికినవాటిలో కొన్ని తర్వాతి వారంలో పోయాయి, ఖాళీ కడుపున లేతగడ్డి ఆబగా మేసి కడుపుబ్బి. వాన కోసం అన్నాళ్ళు చూసిన మనిషి, వాన పడ్డ మర్నాడు చచ్చిన మేకల్ని కాలు పట్టి ఈడ్చి ఒక పక్కన గుట్టగా వేస్తున్నాడు. మా వైపు చూడలేదు. మేమూ ఏం మాట్లాడలేదు.

వాన లేక చావడం అందరికీ తెలిసిన కథే. వాన వచ్చి చావడమేమిటి? ఇవాళ నా మాట దాని చుట్టూనే తిరుగుతుంది.

సోమాలీలంటే ఒక్క సోమాలియా దేశం వాళ్ళే అనుకోకండి. ఇథియోపియా తూర్పు వైపు, కెన్యా ఈశాన్యం, జిబూతీ, ఇంత మేరా పరుచుకున్న జనం. నేను పనిచేసిన సోమాలిలాండ్ 1991లో తనని తాను వేరే దేశంగా ప్రకటించుకుంది. ఆ రాజకీయం ఇవాళ వద్దు. మందకి సరిహద్దు తెలీదు, మేత ఎటుంటే అటు పోతుంది. హైదరాబాదులో టోలీచౌకి వైపు తిరిగినవాళ్ళు సోమాలీ కుర్రాళ్ళని చూసే ఉంటారు, చదువుకోడానికి వస్తారు. ఈసారి కనిపిస్తే మీ ఇంట్లో ఒంటెలున్నాయా అని అడగండి. చాలామందికి ఉండవు. తాతకి ఉండేవి అంటారు.

సోమాలియా మొత్తం మీద సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 280 మిల్లీమీటర్లు. మన అనంతపురం ఎంత? 550 అటూ ఇటూ. మనల్ని కరువు జిల్లా అంటారు కదా! వాళ్ళ లెక్కన మనది తడి నేల. ఉత్తర తీరం వెంట అయితే 100 దాటడమే కష్టం. దక్షిణాన బైడోవా చుట్టుపక్కల, బే అనే ప్రాంతంలో మాత్రం ఇంచుమించు మన అంత పడుతుంది. అక్కడ జొన్న పండిస్తారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఏడాదికి నాలుగు కాలాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గు, అది పెద్ద వాన. తర్వాత హగా, గాలులూ దుమ్మూ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దెయిర్, చిన్న వాన. ఆ తర్వాత మార్చి ఆఖరు దాకా జిలాల్. ఆ పేరెత్తితేనే ముసలివాళ్ళ మొహం మారిపోతుంది. పెళ్ళిళ్ళు, ఒంటెలు ఈనడం, చుట్టాలింటికి పోవడం, పాటల పోటీలు, అన్నీ గు కాలంలోనే. పాలుండేది అప్పుడే కదా. నబద్ ఇయో ఆనో, ఓల్ ఇయో అబార్ అని వాళ్ళ సామెత. శాంతీ పాలూ ఒక జత, యుద్ధమూ కరువూ ఒక జత అని.

మనకి కార్తెలున్నట్టు వాళ్ళకీ నక్షత్రాల లెక్క ఉంది. ముసే గలాల్ అని వాళ్ళ పండితుడొకాయన 1968లో ఈ విద్యంతా పుస్తకంగా రాసి పెట్టాడు. అందులో దిరిర్ అని ఒక నక్షత్రం. చంద్రుడు దాని దగ్గరికి వచ్చే రాత్రులు చూసుకుని వానల లెక్క కడతారు. ఆ దిరిర్ ఏదో తెలుసా? మన చిత్త. అక్షరాలా అదే చుక్క. ఒక ముసలాయన ఆకాశంలోకి వేలు చూపించి దిరిర్ అంటే, నేను చిత్త అన్నాను. మా ఊళ్ళో దాని గురించి ఒక మాట ఉంది తాతా, చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందంటారు అని చెప్పించాను. మాతో ఉన్న కుర్రాడు సోమాలీలో చెప్పగానే ఆయన ఎంత నవ్వాడో! మీకూ అంతేనా అన్నాడు.

ఆ సామెతలోనే ఉంది చూడండి సంగతి. మొత్తం మీద వాన సరిగ్గానే పడిందని రేడియోలో చెప్పొచ్చు. పక్క లోయలో పడి ఇక్కడ పడకపోతే? నలభై రోజులు పడాల్సింది నాలుగు రోజుల్లో కుమ్మేసి పోతే? ఏప్రిల్లో రావాల్సింది మే ఆఖరుకి వస్తే? విత్తనానికి పదను దొరికి, తీరా వేరుశనగ ఊడలు దిగే వేళకి బెట్ట పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? వాళ్ళ గడ్డికైనా అంతే. మొలిచి, కంకి వేయకముందే మాడిపోతే విత్తనం రాలదు. వచ్చే ఏడు వాన పడినా అక్కడ మొలిచేది ఉండదు.

సోమాలీ కాపరి ఈ చిత్తం చొప్పున పడే వానని నమ్ముకుని ఇన్ని వందల ఏళ్ళు ఎలా బతికాడు? ఊరికే గాలివాటంగా తిరిగేవాడు అనుకుంటాం. అంతా లెక్కే. ఆవులకి రెండు మూడు రోజులకోసారి నీళ్ళు కావాలి. మేకలూ గొర్రెలూ నాలుగైదు రోజులు ఆగుతాయి. ఒంటె ఎండాకాలంలో కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగుతుంది. అందుకని మందని విడగొడతారు. పడుచు మగపిల్లలు ఒంటెల్ని తోలుకుని బావికి ఎంతో దూరాన, మేత ఉన్న చోటికి పోతారు. ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ మేకలతో నీళ్ళకి దగ్గరగా ఉంటారు. కదిలే ముందు సహన్ అని ఒకణ్ణి పంపిస్తారు, వేగులాంటివాడు. వాడు రెండు మూడు రోజులు నడిచి, ఎక్కడ వాన పడింది, గడ్డి ఎంత ఎదిగింది, అక్కడ ఇంకెవరి మందలున్నాయి, రోగమేమైనా ఉందా అన్నీ చూసి వచ్చి చెప్తాడు. ఇప్పుడు ఆ పని ఫోన్లలో అయిపోతోంది. వాట్సాప్‌లో గడ్డి ఫోటో పెడతారు! ఒక చిక్కొచ్చింది. ఇదివరకు ఒక వేగు చూసిన గడ్డికి ఒక మంద వచ్చేది. ఇప్పుడు ఒక ఫోటోకి నలభై మందలు దిగుతున్నాయి.

ఇల్లు కూడా మోసుకుపోయేదే. అకల్ అంటారు. వంచిన కొమ్మలు, వాటి మీద ఆడవాళ్ళు అల్లిన చాపలు. కట్టేదీ ఆడవాళ్ళే, విప్పేదీ ఆడవాళ్ళే. విప్పి ఒంటె మీద వేసుకుంటే ఇల్లు నడుస్తుంది. మన కురుబవాళ్ళు మందలతో వలసపోయేటప్పుడు గాడిద మీద సామాను వేసుకుంటారే, అలాగే. ఏం పెద్దాయనా, నిజమేనా? ఆయన తల ఊపుతున్నారు.

వాళ్ళ గొర్రెకి ఒళ్ళంతా తెలుపు, తల మాత్రం నలుపు. ఉన్ని ఉండదు, మన నెల్లూరు గొర్రెలాగే. నాకు ఆ గొర్రె మీద ఒక ప్రత్యేకమైన ఇష్టం, దాని గురించి మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. వద్దులెండి.

కరువు వస్తే చావులకీ ఒక వరస ఉంటుంది. ముందు ఆవులు. తర్వాత గొర్రెలు, తర్వాత మేకలు. ఆఖరున ఒంటెలు. ఒంటెలు పడిపోతున్నాయని కబురొస్తే ఇక ఆ ప్రాంతంలో నిలబడే జీవం లేదని అర్థం. ఒంటె అక్కడ ఆస్తి, పరువు, అన్నీ. మనిషిని చంపితే కట్టాల్సిన పరిహారం కూడా వాడుక ప్రకారం ఒంటెల్లోనే, నూరు ఒంటెలు.

కరువు ఎంత పెద్దదని అందరూ అడుగుతారు. ఎంతమంది చచ్చారు, ఎన్ని పశువులు పోయాయి అని. కాపరి అడిగేది వేరు. పోయినసారి కరువై ఎన్నాళ్ళయింది అంటాడు. ఎందుకంటే మేక ఐదు నెలలకి ఈనుతుంది, ఒక్కోసారి జంటపిల్లలు. మంద సగానికి సగం పోయినా మూడు నాలుగేళ్ళు వానలు బాగుంటే నిలదొక్కుకుంటుంది. ఒంటె? చూలు 13 నెలలు. ఈనితే రెండేళ్ళకొక్క పిల్ల. ఆ పిల్ల పెయ్యయితే, అది పెరిగి మొదటి ఈత ఈనడానికి మరో ఐదేళ్ళు. చిక్కిపోయిన ఒంటెల మంద మళ్ళీ మందలా కనపడాలంటే పదేళ్ళు మాట్లాడకుండా కూర్చోవాలి.

ఇప్పుడు ఆ ఎడం లెక్క చూడండి. మనం పెద్ద కరువులకి పేర్లు పెట్టుకున్నాం, ధాత కరువు, నందన కరువు అని. ఏ సంవత్సరం పేరు ఆ కరువుకి. వాళ్ళూ పేర్లు పెడతారు, కానీ దాని గుణాన్ని బట్టి. 1974–75లో వచ్చినదాన్ని దబధేర్ అన్నారు. పొడుగు తోకది అని అర్థం. ఎంతకీ పోదు కదా, తోక ఈడ్చుకుంటూ ఉంటుంది. అప్పుడు సోమాలియాని ఏలుతున్న సైనిక పాలకుడు సియాద్ బర్రే ప్రభుత్వం సోవియట్ విమానాలు తెప్పించి, మందలు పోగొట్టుకున్న వాళ్ళని ఉత్తరం నుంచి దక్షిణానికి తరలించింది. దాదాపు లక్ష మందిని! కొంతమందిని నది పక్కన పొలాల్లో పెట్టారు, కొంతమందిని సముద్రం ఒడ్డున చేపలు పట్టుకోమన్నారు. జన్మలో చేప తినని వాళ్ళని. వానలు పడ్డాక చాలామంది మగవాళ్ళు మళ్ళీ మందల దారి పట్టారు. పట్టరా మరి?

తర్వాత పెద్ద దెబ్బ 1991–92. దాని తర్వాత 2011. మధ్యలో చిన్నాచితకా వచ్చాయి, నేను పెద్దవే చెప్తున్నాను. ఆ తర్వాత 2016–17. దానికి పెట్టిన పేరు సిమ. అందర్నీ ఒకటి చేసేది అని అర్థం, ఉన్నవాణ్ణీ లేనివాణ్ణీ వదల్లేదని. మన సమం లాగే వినిపిస్తుంది, సంబంధం మాత్రం లేదు. నేను చెప్పిన మేకల రాత్రి ఆ సిమ తోకే. సరే, ఆ తర్వాత? 2020 అక్టోబరు నుంచి 2022 డిసెంబరు దాకా వరసగా ఐదు వానకాలాలు తప్పాయి. ఐదు! దెయిర్, గు, దెయిర్, గు, దెయిర్. సోమాలియాలో 35 లక్షలకు పైగా పశువులు పోయాయి.

ఇప్పుడు ఎడం చెప్పండి. పదహారేళ్ళు. తర్వాత పంతొమ్మిది. తర్వాత ఐదారేళ్ళు. తర్వాత మూడేళ్ళు. ఒంటెకి పదేళ్ళు కావాలన్నామా? దొరికింది మూడు. ఆ మూడేళ్ళలో కూడా ఊరట లేదు, 2019 ఆఖర్లో మిడతలు దిగాయి. 2020 ఫిబ్రవరిలో సోమాలియా ప్రభుత్వం మిడతల మీద ఎమర్జెన్సీ పెట్టింది.

సంత సంగతి చెప్పాలి, నేను బాగా చూసింది అదే. బురావో సంతలో మధ్యవర్తిని ఏమంటారో తెలుసా? దిలాల్. మన దళారి! అరబ్బీ మాట అటు పోయింది, ఇటు వచ్చింది. బేరం కూడా మన పాత సంతల్లో లాగే. భుజం మీది గుడ్డ కింద ఇద్దరూ చేతులు పట్టుకుని వేళ్ళతో ధర చెప్పుకుంటారు, నోరు తెరవరు. మంచి రోజుల్లో ఆ గుడ్డ కింద చేతులు చాలాసేపు ఉంటాయి, వేళ్ళు కదులుతూనే ఉంటాయి. కరువులో చూశాను. గుడ్డ వేయడమే ఆలస్యం, అయిపోతుంది. అమ్మేవాడు ఎంతకైనా ఒప్పుకుంటాడు కాబట్టి. అందరూ ఒకేసారి అమ్మకానికి తెస్తారు, మేక ధర పడిపోతుంది. అదే వారంలో బియ్యం, జొన్న, గోధుమపిండి ధర పైకి పోతుంది. రెండు వైపులా కోసే కత్తెర. 2022లో దానికి యుక్రెయిన్ యుద్ధం తోడైంది. సోమాలియా గోధుమల్లో చాలా భాగం రష్యా, యుక్రెయిన్, ఆ రెండు దేశాల నుంచే వచ్చేవి. నల్లసముద్రంలో ఓడలు ఆగితే బైడోవాలో రొట్టె ఆగింది.

ఇక రైతులు. దీని గురించి బయట తక్కువ మాట్లాడతారు. సోమాలియా అంటే ఒంటెలే అనుకుంటారు. నేను దక్షిణానికి వెళ్ళలేదు, భద్రత కారణాల వల్ల మమ్మల్ని పంపలేదు. కానీ మాతో టీకాలు వేసిన కుర్రాడొకడు బే ప్రాంతం రైతుబిడ్డ, తలదాచుకోడానికి ఉత్తరానికి వచ్చినవాడు. జొన్న గురించి వాడు చెప్తుంటే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చేది. బకార్ అంటాడు. ఏమిట్రా అది అంటే, భూమిలో గొయ్యి తవ్వి, చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేస్తారట. మూడు నాలుగేళ్ళయినా ఉంటాయట. నేను కుర్చీలోంచి లేచాను. అది పాతర కదరా! మా ఊళ్ళో పాతర తీసేరోజు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, లోపలి ఆవిరికి కళ్ళు తిరిగి పడిపోతారని. వాళ్ళ ఊళ్ళోనూ అంతే అన్నాడు.

పాతర అంటే ఏమిటి? మంచి ఏడు కరువు ఏటికి పంపే మనియార్డరు. ఆ పద్ధతి నడవాలంటే రెండు కావాలి. మంచి ఏడు రావాలి, తవ్వుకుపోయేవాడు రాకూడదు. 1991–92లో సైన్యాలూ ముఠాలూ ఆ ప్రాంతం మీదుగా అటూ ఇటూ తిరిగి పాతరలన్నీ తవ్వుకుపోయాయి. బైడోవా ఆకలికి అప్పట్లో ప్రపంచమంతా ఫోటోలు తీసింది. వాన తక్కువైన మాట నిజమే. కానీ గింజలు దాచుకోవడం చేతకాని జనం కాదు వాళ్ళు.

2011లో మళ్ళీ. ఆ జులై 20న ఐక్యరాజ్యసమితి దక్షిణ బకూల్‌లోనూ దిగువ షబేలేలోనూ క్షామం ప్రకటించింది. షబేలే నది ఒడ్డు, పొలాలున్న చోటు! 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ దాకా సుమారు 2,58,000 మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది. సగం మంది ఐదేళ్ళ లోపు పిల్లలు. ఎక్కువ పోయింది ఎవరు? రైతులూ, కూలీలూ, చిన్న తెగల వాళ్ళూ. ఒంటెలున్నవాడు నడిచిపోగలడు, దూరాన అతనికి తెగవాళ్ళుంటారు. రెండెకరాల జొన్న రైతు ఎక్కడికి నడుస్తాడు? పైగా అక్కడ పెత్తనం చేస్తున్న అల్‌షబాబ్ అనే సాయుధ ముఠా సహాయ సంస్థల్ని రానివ్వలేదు. ఇటు పాశ్చాత్య ప్రభుత్వాలు, తిండి వాళ్ళ చేతిలో పడుతుందేమోనని, డబ్బు బిగబట్టాయి. 2022లో క్షామం అన్న మాట అధికారికంగా ప్రకటించలేదు. సహాయం కాస్త ముందుగా అందిందన్నారు. అయినా ఆ ఒక్క ఏడాదిలో 43,000 మంది దాకా అదనంగా చనిపోయి ఉంటారని అంచనా. పేరు పెట్టని కరువుకి కూడా పిల్లలు పోతారు కదా.

నది ఉంది కదా, నీళ్ళకేమిటి కష్టం అని ఎవరో అన్నారు, ఇందాక బయట టీ దగ్గర. జుబా, షబేలే, రెండు నదులు. రెండూ ఇథియోపియా కొండల్లో పుట్టినవే. షబేలే అయితే మొగదిషు దగ్గరిదాకా వచ్చి, సముద్రానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఎందుకో మనసు మార్చుకున్నట్టు పక్కకి తిరిగి తీరం వెంటే పోతుంది. మామూలు ఏళ్ళలో సముద్రంలో కలవదు, చిత్తడి నేలల్లో ఇంకిపోతుంది. ఎండాకాలంలో నీరు అడుక్కి పోతే, మోటారు కొనలేని రైతు ఏం చేస్తాడు? కట్టకి గండి కొడతాడు, తన మడిలోకి నీరు రావాలని. ఆ గండి పూడ్చడు. పూడ్చే ఓపికా ఉండదు, అడిగే ప్రభుత్వమూ ఉండదు. తర్వాత ఇథియోపియాలో కుంభవృష్టి పడుతుంది. ఇక్కడ ఆకాశంలో మబ్బు లేకపోయినా నది ఉరుకుతూ వచ్చి ఆ గండ్లలోంచి ఊళ్ళ మీద పడుతుంది. ఐదు వానకాలాలు తప్పాక 2023 మేలో బెలెద్వెయిన్ పట్టణం మునిగింది. 2 లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారు. ఆ ఏడే దెయిర్‌లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం, వచ్చి దేశంలో చాలా భాగాన్ని మళ్ళీ ముంచింది. మూడేళ్ళు చుక్క లేదు, ఏడాదిలో రెండు వరదలు. మేకల రాత్రి గుర్తుందా? అదే ఇక్కడ ఊళ్ళకి జరిగింది.

ఎక్కువ వానతో ఇంకో పీకులాట కూడా ఉంది, పశువైద్యుడిగా అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1997–98 ఎల్ నినో వరదల తర్వాత దోమలు పెరిగి రిఫ్ట్ వ్యాలీ జ్వరం వచ్చింది. గొర్రెలు ఈచుకుపోతాయి, మనుషులకీ సోకుతుంది. సోమాలీల గొర్రెలు ఎక్కడికి పోతాయి? బెర్బెరా రేవు నుంచి సౌదీకి, హజ్‌కి. సౌదీవాళ్ళు 1998లో ఒకసారి, 2000లో మరోసారి కొనడం ఆపేశారు. రెండోది 2009 దాకా నడిచింది. ఆలోచించండి, వాన బాగా పడి, మంద బాగా బలిసి, కొనేవాడు లేడు!

తుఫాన్లు కూడా పెరిగాయి. 2020 నవంబరు 22న గతి అనే తుఫాను హఫూన్ దగ్గర తీరం దాటింది. ఏడాదంతా కలిపి పడేదానికంటే ఎక్కువ వాన రెండు రోజుల్లో పడింది. ఆ నేలలో అది ఇంకదు, కొట్టుకుపోతుంది, మేకలతో సహా.

ఎందుకిలా? సముద్రం. మనకీ వాళ్ళకీ మధ్య ఉన్నది ఒకే సముద్రం. హిందూ మహాసముద్రం పడమటి సగం వేడెక్కి, తూర్పు సగం చల్లబడితే వాళ్ళకి దెయిర్ ఉప్పొంగుతుంది. 2019లో అదే జరిగింది, ఆ ఏడు మనకీ రుతుపవనం బాగుంది. తారుమారైతే, దానికి పసిఫిక్ చల్లబడే లా నినా తోడైతే, వాళ్ళకి దెయిర్ ఎండుతుంది. 2020 నుంచి మూడేళ్ళు లా నినా వదల్లేదు. దాని పైన భూమి వేడెక్కడం. 2023లో శాస్త్రవేత్తల బృందం ఒకటి లెక్కేసి చెప్పింది. మనుషులు పెంచిన వేడి వల్ల ఇలాంటి కరువు వచ్చే అవకాశం కనీసం వంద రెట్లు పెరిగిందని. అంతే తక్కువ వాన చల్లటి రోజుల్లో పడి ఉంటే ఇంత కరువు అయ్యేది కాదు. పడ్డ నీళ్ళని కూడా వేడి పీల్చేసుకుంటోంది. పొగ గొట్టాల లెక్కలో సోమాలియా వాటా దశాంశం తర్వాత సున్నాల్లో ఉంటుంది.

తప్పంతా ఆకాశానిదేనా అంటే, కాదని వాళ్ళే ఒప్పుకుంటారు. మంద పోయినవాడికి చేతిలో మిగిలేది గొడ్డలి. తుమ్మ జాతి చెట్లు కొట్టి బొగ్గు కాలుస్తాడు, అది కిస్మాయో రేవు నుంచి గల్ఫ్‌కి పోతుంది. 2012లో భద్రతా మండలి బొగ్గు ఎగుమతిని నిషేధించింది, అయినా చాలాకాలం దొంగచాటుగా పోయింది. కొట్టిన చెట్టు ఒంటెకి మేత, అదీ పోయింది. సిమెంటు నీటితొట్లు ఊరూరా కట్టుకున్నారు, బెర్కద్ అంటారు. నీళ్ళున్నాయి కదా అని మందలు అక్కడే నిలిచిపోయి చుట్టూ నేల బోడి చేశాయి. ఇసుక ఆపుతుందని ఒక విదేశీ చెట్టు నాటారు. అది పాకిపోయి మేతనేలలు మింగింది. దాని పేరు గరన్వా, ఏమో తెలీదు అని అర్థం. మనకి బాగా తెలుసు దాని సంగతి. సర్కారు తుమ్మ! అదే చెట్టు. ఇక్కడ నవ్వుతున్నవాళ్ళంతా కంప కొట్టించినవాళ్ళే అనుకుంటాను.

సోమాలిలాండ్ రాజధాని హర్గేసా బయట ఒక శిబిరంలో చూసింది చెప్పి ఆపేస్తాను. మంద పోయినవాళ్ళు వచ్చి చేరే చోటు. అకల్ కట్టడానికి చాపలుండవు, అవి తేవాలంటే మోసే ఒంటె ఉండాలి కదా. పుల్లలు గుచ్చి, పాత చీరముక్కలు, అట్టలు, ప్లాస్టిక్ సంచులు కప్పుకుంటారు. బూల్ అంటారు దాన్ని. ఒకావిడ బూల్‌లో ధీల్ వేలాడుతోంది. పాలు పట్టే అల్లిక పాత్ర. దాన్ని నీళ్ళతో కడగరు, కాలుతున్న కట్టెతో లోపల పొగ పట్టిస్తారు, పాలు విరగకుండా. ఇంట్లో మేక లేదు, పాలపొడి డబ్బా ఒకటుంది. ఆవిడ మాతో మాట్లాడుతూనే పొయ్యిలోంచి కట్టె తీసి ఆ ఖాళీ ధీల్‌కి పొగ పట్టిస్తోంది. ఎందుకమ్మా అంటే, పట్టకపోతే పగిలిపోతుంది అంది. స్వీడన్‌లో ఉన్న తమ్ముడు నెలనెలా ఫోన్లోకి డబ్బు పంపిస్తాడట, దానితోనే నడుస్తోంది. గల్ఫ్ డబ్బుతో నడిచే ఇళ్ళు మన కడపలో లేవా ఏమిటి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. పెద్దాయన చెయ్యెత్తారు, ఏమిటి? ఒంటెపాలు ఎలా ఉంటాయనా? కొంచెం ఉప్పగా ఉంటాయండీ, పలచగా. ఒంటెకి నీళ్ళు దొరకనప్పుడు పాలు చిక్కబడతాయనుకుంటాం కదా, ఉల్టా. ఇంకా పలచనవుతాయి, వాటిలో నీటి వంతే పెరుగుతుంది. పిల్ల దాహం తీరాలి కదా, తను ఎండిపోతూ ఇస్తుంది. మా డ్రైవరు ఒకసారి ఒక గుక్క తాగి గ్లాసు దించేసి, ఇది నీళ్ళు తాగి పది రోజులైంది అన్నాడు. కాపరిని అడిగితే పన్నెండు అన్నాడు. రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.